పట్టు తప్పేది ఎక్కడ?

బ్యాటరీ గ్రిప్ మొరాయించగానే కెమెరా పోయిందని తీర్పు చెప్పేస్తారు. అసలు జబ్బు చాలాసార్లు వేలెడంత ప్లాస్టిక్ ముక్కలోనో, మురికి పట్టిన లోహపు రేకులోనో ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లో అక్షయ తృతీయను అక్తీ అంటారు. ఆ రోజు పిల్లలు మట్టిబొమ్మలకు పెళ్లిళ్లు చేస్తారు, పెద్దలు మనుషులకు చేస్తారు. రాయ్‌పూర్‌కు దక్షిణాన 30 కిలోమీటర్లలోపే ఉన్న అభన్‌పూర్‌లోనూ, దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆ ముహూర్తానికి ఫొటోగ్రాఫర్ దొరకడం అంటే పురోహితుడు దొరకడమంత కష్టం. ఏప్రిల్ చివరో, మే మొదటి వారమో. నీడలో నిలబడినా చెమట ఆగదు. అలాంటి చోట, వధూవరులు భాంవర్ తిరుగుతున్న సమయంలో, రెండు నిండు బ్యాటరీలు పెట్టుకున్న కెమెరా ఉన్నట్టుండి ఆరిపోయిందనుకోండి. స్విచ్ ఆపి వేస్తే రెండు సెకన్లు వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. ఏడో అడుగు అయిపోతుంది. మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం లాగే అక్కడా ఆ ఘట్టాన్ని రెండోసారి చేయించే వీల్లేదు. మిగిలిన డబ్బు ఇచ్చేటప్పుడు పెళ్లికూతురి తండ్రి అడిగే మొదటి ప్రశ్న ఆ ఫొటో గురించే.

మర్నాడు కెమెరా దుకాణానికి చేరుతుంది. అక్కడ వినిపించే మాట దేశమంతా ఒకటే: ‘భయ్యా, బోర్డు పోయింది.’

ఈ వారం చర్చ ఆ మాట గురించే. బోర్డు నిజంగా పోయే సందర్భాలు లేకపోలేదు. కానీ గ్రిప్ తగిలించిన కెమెరాకు కరెంటు అందకపోవడానికి బోర్డుకంటే ముందు అనుమానించాల్సిన నిందితులు కనీసం అరడజను మంది ఉన్నారు. వాళ్లను విచారించడానికి పట్టేది పదిహేను నిమిషాలు, కావలసింది ఒక మంచి బ్యాటరీ, కాస్త దూది. ఆ విచారణ జరగకుండానే శిక్ష పడటం వల్ల, సెకండ్‌హ్యాండ్‌లో అప్పు చేసి కొన్న కెమెరా అయినకాడికి తెగిపోతుంది, లేదా మంచి బోర్డు మీద వేలకు వేలు ఖర్చవుతాయి.

అభన్‌పూర్ పేరు ఈ పేజీలో ఎందుకొచ్చిందని కొందరికి సందేహం రావచ్చు. తెలుగువాళ్లకు ఇది మరీ పరాయి ఊరేమీ కాదు. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ మీదుగా విజయనగరం చేరే పాత 43వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి గుండానే వెళ్లేది. విశాఖ దాకా వేస్తున్న 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారికి ఇటు మొదలు కూడా అభన్‌పూర్ దగ్గరే. తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన వల్లభాచార్యుల జన్మస్థలంగా చెప్పే చంపారణ్యం ఇక్కడికి ఎంతో దూరంలో లేదు. మాఘ పౌర్ణమి నుంచి శివరాత్రి వరకు రాజిమ్‌లో మహానది, పైరీ, సోండూర్ కలిసేచోట జరిగే జాతరకు దారి కూడా ఇదే. (ఆ జాతరకు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది. 2019లో కుంభ్ పోయి పున్నీ మేళా అయింది, 2024లో మళ్లీ కుంభ్ వచ్చింది. జనం మాత్రం ఏ పేరు పెట్టినా వస్తూనే ఉన్నారు.) పెళ్లిళ్లు, జాతరలు, బియ్యం మిల్లుల దుమ్ము, వేసవిలో 45 డిగ్రీల దాకా పోయే ఎండ. కెమెరాకు పని ఎక్కువ, పరీక్షలూ ఎక్కువే. అలాంటి ఊళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. కంపెనీ సర్వీసు సెంటరు ఎప్పుడూ ఇంకో ఊళ్లోనే ఉంటుంది.

ముందు అసలు గ్రిప్ ఏం చేస్తుందో చూద్దాం. ఫిల్ము రోజుల్లో కెమెరా కింద తగిలించే మోటార్ డ్రైవ్‌కు ఇది వారసురాలు. నికాన్ ఎఫ్3కి ఎండీ-4 తగిలిస్తే అందులోని 8 పెన్సిల్ సెల్స్ ఫిల్మును లాగడమే కాదు, కెమెరాను కూడా నడిపేవి. డిజిటల్ ఎస్సెల్లార్లు వచ్చాక లాగడానికి ఫిల్ము లేదు కాబట్టి మోటార్ పోయింది, సెల్స్ మిగిలాయి. ఒకటికి రెండు బ్యాటరీలు, నిలువుగా పట్టుకుని తీయడానికి ఇంకో షట్టర్ బటన్, పెద్ద లెన్సుకు తగ్గ బరువు. మూడోదాన్ని తక్కువ చేయకండి. చేతిలో కెమెరా పెద్దదిగా కనిపిస్తే పెళ్లివారి దగ్గర రేటు కూడా కొంచెం పెద్దదిగా చెప్పవచ్చునన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన రహస్యం.

ఇక్కడ ఒక తేడా గుర్తించకపోతే ముందుకు వెళ్లలేం. గ్రిప్పులు రెండు జాతులు. కేనన్‌వి చాలా వరకు, నికాన్‌లో డీ80, డీ90లకు వాడే ఎంబీ-డీ80, సోనీ ఏ7 మూడో తరానికి వచ్చిన వీజీ-సీ3ఈఎం మొదటి జాతి. వీటికి ఒక పొడుగాటి కాడ ఉంటుంది. కెమెరాలోని బ్యాటరీని తీసేసి, బ్యాటరీ గది మూతను కూడా ఊడదీసి, ఆ గదిలోకి ఈ కాడను దించాలి. అంటే కెమెరాకు వచ్చే ప్రతి చుక్క కరెంటూ కాడ గుండానే రావాలి. అక్కడ చిన్న అంతరాయం వచ్చినా కెమెరా మొత్తం మూగబోతుంది.

నికాన్ డీ300, డీ700లకు వాడే ఎంబీ-డీ10, ఆ తర్వాత డీ7000, డీ800 వంటి వాటికి వచ్చిన గ్రిప్పులు రెండో జాతి. కెమెరాలో బ్యాటరీ ఎక్కడిదక్కడే ఉంటుంది. కెమెరా అడుగున రబ్బరు మూత కింద ఉన్న చిన్న చిన్న కాంటాక్టుల ద్వారా గ్రిప్ మాట్లాడుతుంది. ఇది పాడైతే కెమెరా ఆరిపోదు, తన సొంత బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది. గ్రిప్ బ్యాటరీ వాడకంలో ఉన్నప్పుడు పైన చిన్న తెరలో ‘బీపీ’ గుర్తు కనిపించాలి. అది లేదంటే మీరు గంట నుంచి ఒక్క బ్యాటరీ మీదే పని చేస్తున్నారన్నమాట. చాలామందికి ఈ సంగతి ఆ ఒక్క బ్యాటరీ అయిపోయాకే తెలుస్తుంది. ఏ బ్యాటరీని ముందు ఖర్చుపెట్టాలో నికాన్ మెనూలోనే చెప్పవచ్చు. గ్రిప్‌లోదాన్ని ముందు వాడమనడం మేలు, ఎందుకంటే దాన్ని మార్చడం తేలిక. కేనన్‌లో ఆ ఎంపిక లేదు. గ్రిప్‌లోని రెండూ దాదాపు కలిసే ఖర్చవుతాయి.

ఇప్పుడు విచారణ. మొదటి పని గ్రిప్‌ను విప్పేయడం. తిప్పుడు చక్రం వదులు చేసి గ్రిప్ తీసి, ఒక్క బ్యాటరీని నేరుగా కెమెరాలో పెట్టి, ఊడదీసిన మూతను తిరిగి తగిలించి, స్విచ్ వేయండి. వెలిగిందా? బోర్డు నిర్దోషి. ఇక చూడాల్సింది గ్రిప్‌నే. వెలగలేదా? ఇంకో బ్యాటరీ, వీలైతే తోటి ఫొటోగ్రాఫర్ దగ్గర అదే రకం కెమెరాలో ఇప్పుడే పనిచేసిన బ్యాటరీ తెచ్చి పెట్టండి. అప్పటికీ వెలగకపోతేనే కెమెరా మీద అనుమానం. ఈ మూడు అడుగుల్లో సగం కేసులు తేలిపోతాయి. చాలా దుకాణాల్లో ఇది జరగకపోవడానికి కారణం మోసమే కానక్కర్లేదు. ఐదు కంపెనీల పాతిక మోడళ్లు వచ్చే చోట, ప్రతిదానికీ పనిచేసే బ్యాటరీ ఒకటి, గ్రిప్ ఒకటి దగ్గర పెట్టుకోవడం చిన్న దుకాణదారుకు సాధ్యం కాదు. మార్చి చూడటానికి వస్తువు లేనివాడు ఊహించి చెబుతాడు. ఊహ ఎప్పుడూ ఖరీదైన భాగం వైపే మొగ్గుతుందన్నది వేరే సంగతి.

మూత తగిలించమని ఎందుకన్నానంటే, అదే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమందిని బోల్తా కొట్టించే భాగం. చాలా కెమెరాల్లో బ్యాటరీ గది అంచున ఒక చిన్న మీట ఉంటుంది. మూత పడితే అది నొక్కుకుంటుంది. నొక్కుకుంటేనే కెమెరా వెలుగుతుంది. ఫొటో కార్డులోకి ఎక్కుతుండగా ఎవరైనా మూత తెరిచినప్పుడు నష్టం జరగకుండా పెట్టిన ఏర్పాటు అది. గ్రిప్ తగిలించినప్పుడు మూత ఉండదు కాబట్టి, ఆ మీటను నొక్కే పని కాడ మీదుండే ఒక బుడిపెది. అసలు కంపెనీ గ్రిప్‌లో ఆ బుడిపె కొలత సరిగ్గా ఉంటుంది. చౌక గ్రిప్పుల్లో అర మిల్లీమీటరు అటూఇటూ కావచ్చు, లేదా ఏడాది వాడకంలో అరిగిపోవచ్చు. ఫలితం: బ్యాటరీలు నిండుగా, కాంటాక్టులు శుభ్రంగా, కెమెరా మాత్రం చీకటిగా. గ్రిప్‌ను చేత్తో కెమెరాకేసి గట్టిగా అదిమి పట్టుకుంటే వెలిగి, వదిలేస్తే ఆరిపోతోందంటే ముందుగా చూడాల్సింది ఈ బుడిపెనే. దాని మీద సన్నటి టేపు ముక్క ఒక పొర అతికించి చూసేవాళ్లున్నారు. పరీక్షకు అది సరే. కానీ మీటనే శాశ్వతంగా నొక్కి ఉంచేలా ఏదైనా దూర్చి ఊరుకోవడం తెలివి కాదు. కంపెనీ పెట్టిన ఆ కాపలా పనిచేయడం మానేస్తుంది, కార్డులో రాత్రంతా తీసిన ఫొటోలు ఏదో ఒక రోజు మూల్యం చెల్లిస్తాయి.

అభన్‌పూర్‌లో బ్రిటిష్ కాలం నాటి చిన్న గేజి రైలు ఉండేది. 762 మిల్లీమీటర్ల పట్టాలు. రాయ్‌పూర్ నుంచి వచ్చిన లైను ఇక్కడ చీలి ఒకటి ధంతరికీ, ఒకటి రాజిమ్‌కీ పోయేది. బ్రాడ్‌గేజిగా మార్చాక మందిర్ హసౌద్ మీదుగా రాయ్‌పూర్‌కు మెమూ 2025 మార్చి 30న మొదలైంది. గేజి తేడా ఉంటే పెట్టె ఎంత మంచిదైనా పట్టాల మీద నిలబడదని ఆ ఊరివాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. గ్రిప్పులదీ అదే కథ. కేనన్ 5డీ మార్క్ 2, 7డీ, 6డీ మూడూ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీనే తింటాయి. గ్రిప్పులు మాత్రం వరుసగా బీజీ-ఈ6, బీజీ-ఈ7, బీజీ-ఈ13. బ్యాటరీ ఒకటే కదా అని ఒకదాని గ్రిప్ ఇంకోదానికి తగిలించబోయి కాంటాక్టులు వంచుకున్నవాళ్లు తక్కువేం లేరు. నికాన్‌లో ఎంబీ-డీ10 ఒక్కటే డీ300కీ డీ700కీ సరిపోతుంది, ఆ మేరకు నయం. కొనేముందు గ్రిప్ మీద రాసిన నంబరు, కెమెరా పేరు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దుకాణంలో ‘అన్నిటికీ వస్తుంది’ అన్న మాట వినిపిస్తే అక్కడ ఆగిపోవడం మంచిది.

తర్వాతి నిందితుడు ఆ తిప్పుడు చక్రం. గ్రిప్‌ను కెమెరాకు పట్టి ఉంచేది అదొక్కటే, ట్రైపాడ్ రంధ్రంలోకి దిగే ఒకే ఒక్క మర. 70-200 లెన్సు తగిలించి, బెల్టు గ్రిప్‌కే కట్టి, మోటారు సైకిల్ మీద పల్లె దారుల్లో తిరిగితే అది వదులు కాకపోతేనే ఆశ్చర్యం. కెమెరాకూ గ్రిప్‌కూ మధ్య సందులో గోరు దూరితే కాంటాక్టు ఊగుతున్నట్టే. దీని లక్షణం తేలిగ్గా పట్టుకోవచ్చు. అడ్డంగా పట్టుకుంటే బాగుంటుంది, నిలువుగా తిప్పగానే ఆరిపోతుంది. భంగిమను బట్టి మారే జబ్బు ఎలక్ట్రానిక్ జబ్బు కాదు, యాంత్రికం. చక్రాన్ని వేళ్లతో బిగించండి, చాలు. పటకారుతో బిగిస్తే కెమెరా అడుగున మర కదిలి, లేని ఖర్చు వస్తుంది. గంటకోసారి ఒకసారి తడిమి చూసుకునే అలవాటు చేసుకుంటే ఈ కేసు అసలు కోర్టుకే రాదు.

కాంటాక్టుల మురికి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కానీ చెప్పక తప్పదు. బియ్యం మిల్లుల ఊళ్లలో సన్నటి ఊక ధూళి గాల్లో ఉంటుంది, చేతి చెమటలో ఉప్పుంటుంది, వర్షాకాలంలో తేమ. మూడూ కలిసి బంగారు పూత మీద కంటికి కనిపించని పొర కడతాయి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల తడిపి, పిండి, బ్యాటరీ మీదివి, కాడ మీదివి, కెమెరా గదిలోవి తుడవాలి. ఆరాకే బ్యాటరీ పెట్టాలి. ఉప్పు కాగితంతో గీకే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. ఆ పూత చాలా పలుచన. ఒక్కసారి గీకితే ఆ రోజుకు కెమెరా వెలుగుతుంది, ఆ తర్వాత కింది లోహం మరింత తొందరగా చెడుతుంది.

ఇక అసలు ముద్దాయిల గది, బ్యాటరీలు.

కేనన్ ఎల్‌పీ-ఈ6 లోపల రెండు లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి, మొత్తం 7.2 వోల్టులు. పాతబడిన సెల్‌లో వోల్టేజీ పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి నిరోధం పెరిగిపోయి ఉంటుంది. కెమెరా ఊరికే ఉన్నప్పుడు తెర మీద నిండు బ్యాటరీ. షట్టర్ నొక్కగానే అద్దం లేవాలి, ఫోకస్ మోటారు తిరగాలి, లెన్సులో స్టెబిలైజర్ లేవాలి. ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ కుప్పకూలి కెమెరా ఆరిపోతుంది. రెండు నిమిషాలు ఆగి వేస్తే మళ్లీ నిండుగా చూపిస్తుంది. ‘కాసేపు బాగుంటుంది, కాసేపు పోతుంది’ అని వర్ణించే జబ్బుల్లో పెద్ద వాటా దీనిదే, బోర్డు మీద నింద పడేదీ ఎక్కువగా ఇక్కడే. దీన్ని తేల్చడానికి మల్టీమీటరు కంటే కెమెరా మెనూ మెరుగు. 5డీ మార్క్ 2, 7డీ తరం నుంచి కేనన్ బ్యాటరీ సమాచారం పేజీలో చార్జింగ్ సామర్థ్యాన్ని మూడు గీతలతో చూపిస్తుంది. నికాన్ బ్యాటరీ వయసును 0 నుంచి 4 వరకు అంకెతో చెబుతుంది. నికాన్‌లో 4 వచ్చినా, కేనన్‌లో ఎర్ర గీత ఒక్కటే మిగిలినా ఆ బ్యాటరీని పెళ్లి పనికి పంపకండి.

గ్రిప్‌లో రెండు బ్యాటరీలు ఉన్నప్పుడు చాలామంది చేసే పని కొత్తదాన్ని, నాలుగేళ్ల నాటిదాన్ని జంట కట్టడం. అనుమానం వచ్చినప్పుడు ఒక్కోదాన్ని విడిగా, ఒక్కో గదిలో పెట్టి చూడాలి. ఒక్కటే పెట్టినా కేనన్ గ్రిప్పులు పనిచేస్తాయి. ఎడమ గదిలో ఏ బ్యాటరీ పెట్టినా బాగుండి, కుడి గదిలో ఏది పెట్టినా పోతుంటే తప్పు గదిది. గది మారినా ఒకే బ్యాటరీ దగ్గర పోతుంటే తప్పు బ్యాటరీది. తర్కం ఇంతే, ఇంటర్మీడియట్ లాజిక్ పుస్తకం తిరగేయక్కర్లేదు. ఆ తర్వాత రెండిటి మీదా స్కెచ్ పెన్నుతో నంబరు, కొన్న నెల రాసి, జంటగా కొని జంటగానే చార్జి చేసుకోవడం ఉత్తమం.

నకిలీల సంగతి చూద్దాం. రెండు వేరు వేరు వస్తువులను మనవాళ్లు ఒకే మాటతో ‘డూప్లికేట్’ అనేస్తారు. తన పేరుతోనే అమ్మే వేరే కంపెనీ బ్యాటరీ ఒకటి, కేనన్ అనో నికాన్ అనో అబద్ధపు పేరు అచ్చేసుకున్నది ఇంకొకటి. మొదటిదాంట్లో మంచివీ చెడ్డవీ ఉంటాయి. రెండోదాంట్లో మంచిదానికి ఆస్కారమే లేదు. తన పేరే దాచుకున్నవాడు లోపల సెల్ గురించి నిజం చెబుతాడని ఎలా నమ్ముతాం? అసలు ఎల్‌పీ-ఈ6 సామర్థ్యం 1800 మిల్లీ యాంపియర్ అవర్లు, తర్వాత వచ్చిన ఎల్‌పీ-ఈ6ఎన్‌ది 1865, ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్‌ది 2130. అదే కొలతల డబ్బాలో 3000 అని రాసి సగం ధరకు అమ్ముతుంటే ఆ అంకె చదివి నవ్వుకోవాలి తప్ప కొనకూడదు. ఈ బ్యాటరీల్లో ఒక చిప్ ఉంటుంది, కెమెరాతో మాట్లాడటానికి. చిప్ సరిగా మాట్లాడకపోతే బ్యాటరీతో సంభాషణ కుదరడం లేదన్న హెచ్చరిక తెర మీద వస్తుంది. గ్రిప్ కాంటాక్టులో మురికి ఉన్నా ఇదే హెచ్చరిక రావచ్చు కాబట్టి, ముందు తుడిచి చూసి, తర్వాత నేరుగా కెమెరాలో పెట్టి చూసి, అప్పుడు బ్యాటరీని దోషిగా తేల్చాలి.

భారత్‌లో ఇలాంటి బ్యాటరీలు అమ్మాలంటే ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ నమోదు తప్పనిసరి. బ్యాటరీ మీద ఆ గుర్తు, దాంతోపాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. కొనేటప్పుడు ఈ రెండు నిమిషాలు వెచ్చించేవాళ్లు మాత్రం అరుదు. అలాగని అసలు కంపెనీ సరుకు దేవుడి ప్రసాదమేమీ కాదు. వేడెక్కే ప్రమాదం ఉందని నికాన్ 2012లో ఈఎన్-ఈఎల్15 బ్యాటరీల్లో కొన్ని బ్యాచ్‌లను వెనక్కి తీసుకుని ఉచితంగా మార్చి ఇచ్చింది. తేడా అక్కడే ఉంది. పేరు ఉన్నవాడిని వెనక్కి తీసుకోమని అడగవచ్చు.

గ్రిప్ గదిలో ఇరుక్కుపోయి బయటికి రాని బ్యాటరీ ఉబ్బిన బ్యాటరీ. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన సంచీలో ఇలాంటివి పుడతాయి. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించబోతే సెల్ చిరిగి నిప్పంటుకోవచ్చు. అలాంటిదాన్ని నిపుణుడికే వదిలేయాలి, తీశాక చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. చిన్న ఊళ్లలో ఆ సేకరణ డబ్బా ఎక్కడుందన్నది నిబంధనలు రాసినవాళ్లను అడగాల్సిన ప్రశ్న.

పెన్సిల్ సెల్స్ ట్రే గురించి నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. బీజీ-ఈ6లో 6, ఎంబీ-డీ10లో 8 సెల్స్ పట్టే ట్రే ఉంటుంది. కిరాణా కొట్లో కూడా దొరికే సెల్‌తో కెమెరా నడుస్తుందన్న భరోసా పల్లెల్లో పనిచేసేవారికి పెద్ద ఆకర్షణ. నికాన్ డీ700లో దీనికి ఇంకో లాభం ఉంది. ఆ 8 సెల్స్‌తో సెకనుకు 5 ఫొటోల వేగం 8కి పెరుగుతుంది. కానీ కిరాణా కొట్లో దొరికేవి ఎక్కువగా గోడ గడియారానికి సరిపోయే జింక్ కార్బన్ సెల్స్. అవి కెమెరా లాగే కరెంటును ఇవ్వలేవు, కొత్తవి పెట్టినా వెంటనే ఖాళీ అని చూపిస్తుంది. ఆల్కలైన్ కొంత మేలు. 6 ఆల్కలైన్ సెల్స్ కలిస్తే 9 వోల్టులు, 6 రీచార్జబుల్ నికెల్ సెల్స్ కలిస్తే 7.2. ఏ రకం పెట్టామో నికాన్ మెనూలో చెప్పకపోతే కెమెరా మిగిలిన చార్జిని తప్పుగా లెక్కేసి ముందుగానే చేతులెత్తేస్తుంది. ఇక ట్రేలో ఒక్క సెల్ తిరగబడినా, ఒక్కటి పాతదైనా వరస మొత్తం పడుకుంటుంది. 2005లో సాన్యో ఎనెలూప్‌తో మొదలైన, నెలల తరబడి చార్జి నిలుపుకునే నికెల్ సెల్స్ ఒక సెట్ అత్యవసరానికి ఉంచుకోండి. రోజువారీ పనికి మాత్రం ట్రేని అటక మీద పెట్టడమే నా సలహా.

గ్రిప్ తప్పు లేకుండా గ్రిప్‌ను తిట్టించే సందర్భాలూ ఉన్నాయి. కేనన్ గ్రిప్ మీద నిలువు బటన్లకు విడిగా ఒక ఆన్-ఆఫ్ స్విచ్ ఉంటుంది. సంచీలో రాసుకుని అది ఆఫ్ అయితే కెమెరా పనిచేస్తుంది, నిలువు షట్టర్ పనిచేయదు, ‘గ్రిప్ పోయింది’ అని కేక. రాత్రి నిండుగా పెట్టిన బ్యాటరీలు పొద్దున్నే ఖాళీ అవుతుంటే చౌక గ్రిప్ సర్క్యూటు కరెంటును తాగుతుండవచ్చు. ఒక రాత్రి గ్రిప్‌తో, ఒక రాత్రి గ్రిప్ లేకుండా ఉంచి చూస్తే తేలుతుంది. కానీ కేనన్ 6డీ అయితే ముందు జీపీఎస్ ఆపి చూడండి. ఆ కెమెరాలో జీపీఎస్ ఆన్‌లో ఉంటే స్విచ్ ఆపినా అది బ్యాటరీని తింటూనే ఉంటుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా తేదీ అడుగుతోందంటే గ్రిప్‌కు ఏ సంబంధమూ లేదు. 5డీ మార్క్ 2 వంటి వాటిలో బ్యాటరీ గదిలోనే ఉండే సీఆర్1616 బొత్తాం సెల్ అయిపోయింది, అంతే.

ఇన్ని దాటాక కూడా కెమెరా వెలగకపోతే అప్పుడు బోర్డు. అప్పుడు కూడా ‘బోర్డు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. చాలా మోడళ్లలో విద్యుత్ సరఫరా చూసే భాగం వేరే చిన్న బోర్డు, దాని మీద ఫ్యూజులు. ఏ భాగం మారుస్తున్నారో బిల్లు మీద రాయమనండి, తీసిన భాగాన్ని తిరిగి ఇమ్మనండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచింది. కమిటీ ముందుగా ఎంచుకున్న రంగాలు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. చేతి కెమెరాతో కుటుంబాన్ని పోషించుకునేవాడు ఆ జాబితాలో తనను వెతుక్కోవాల్సిందే. విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు బయటి మెకానిక్‌కు అందితే అభన్‌పూర్ దుకాణదారు కూడా ఊహించడం మానేసి పరీక్షించడం మొదలుపెడతాడు. దాన్ని అడ్డుకుని కంపెనీలు బాగుపడేది ఎంతో నాకైతే అర్థం కాలేదు.

మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ తలనొప్పి తగ్గుతుందనుకున్నవాళ్లకు నిరాశే. సెన్సార్, వ్యూఫైండర్ నిరంతరం వెలుగుతూ ఉండాలి కాబట్టి అవి ఎక్కువ తింటాయి. ప్రామాణిక పరీక్షలో నికాన్ డీ850 ఒక్క చార్జితో 1840 ఫొటోలు తీస్తే, జెడ్7 లెక్క 330. మొదటి జెడ్6, జెడ్7లకు నికాన్ ఇచ్చిన ఎంబీ-ఎన్10కు నిలువు షట్టర్ బటనే లేదు, అది బ్యాటరీల పెట్టె మాత్రమే. బటన్లు 2020లో వచ్చిన ఎంబీ-ఎన్11 దాకా ఆగాయి. ఇప్పుడు కొన్ని కెమెరాలు టైప్-సీ తీగతో పవర్‌బ్యాంకు మీద కూడా నడుస్తాయి కాబట్టి, జేబులో పవర్‌బ్యాంకు పెట్టుకుని గ్రిప్ మానేసినవాళ్లూ ఉన్నారు. కదలకుండా నిలబడి తీసే పనికి అది చక్కగా సరిపోతుంది. బారాత్‌లో డాన్సు చేసేవాళ్ల మధ్య ఆ తీగ ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం.

ఈలోగా కొత్త కెమెరాలకు మారినవాళ్లు పాత ఎస్సెల్లార్లను, వాటితో గ్రిప్పులను అమ్మేస్తున్నారు, చిన్న ఊళ్లలో వాటిని కొనేవాళ్లు ఉన్నారు. మీరు అలా కొంటుంటే మీ బ్యాటరీ మీరే తీసుకెళ్లండి. గ్రిప్‌తో ఒకసారి, గ్రిప్ లేకుండా ఒకసారి వెలిగించి చూడండి. తగిలించి నిలువుగా, అడ్డంగా తిప్పుతూ ఇరవై ఫొటోలు తీయండి. అన్నిటికంటే ముందు ఊడదీసిన బ్యాటరీ మూత ఎక్కడుందని అడగండి. కేనన్ గ్రిప్పుల్లో దాన్ని దాచుకోవడానికి కాడ పక్కనే ఒక గూడు ఉంటుంది. అక్కడ లేకపోతే అది పోయినట్టే. ముహూర్తం మధ్యలో గ్రిప్ మొరాయిస్తే దాన్ని విప్పి, కెమెరాలో ఒక బ్యాటరీ పెట్టి, ఆ మూత వేసుకుని అర నిమిషంలో పని కొనసాగించవచ్చు. మూత లేకపోతే చేతిలో బ్యాటరీ ఉండి కూడా కెమెరా వెలగదు. మూత లేదన్నాడా, కొత్త మూత వెల ఎంతో కనుక్కుని ధరలో అంత తగ్గించమనండి.